కాన్సస్‌లో గడ్డి తప్ప ఏం లేదనకు అల్లుడూ

అల్లుడూ,

విచిటాలో ఉంటూ లాంగ్ వీకెండ్ వస్తే చాలు డెన్వర్‌కి పరిగెడుతున్నావు, పైగా దారంతా గడ్డే మామయ్యా అంటున్నావు. హైవే మీద 80లో పోతే గడ్డే కనిపిస్తుంది మరి.

ఈసారి టర్న్‌పైక్ (టోల్ రోడ్డు) మీద కాసొడే ఊరి దగ్గర దిగి 177 రోడ్డు పట్టుకో. అక్కణ్నుంచి కౌన్సిల్ గ్రోవ్ దాకా 47 మైళ్లు, అంతా ఫ్లింట్ హిల్సే. గంటలో అయిపోయే దారే కానీ ఒక పూట పెట్టుకో. స్ట్రాంగ్ సిటీ దాటగానే టాల్‌గ్రాస్ ప్రెయిరీ ప్రిజర్వ్ వస్తుంది. ఒకప్పుడు దేశం నడిమధ్యంతా పరుచుకున్న ఎత్తు గడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది 4 శాతమే, అందులోనూ ఎక్కువ ఈ కొండల్లోనే. నేలలో పైపైనే చెకుముకి రాయి, నాగలి దిగదు. దున్నలేక పశువులకు వదిలేశారు కాబట్టి బతికింది.

1881 నాటి రాతి ఇల్లు, మూడంతస్తుల కొట్టం దగ్గర ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు చాలామంది, నువ్వలా చెయ్యకు. వెనక కాలిబాట ఎక్కు, అది బైసన్ (అమెరికా అడవిదున్నలు) మేసే బీడులోంచే పోతుంది. 2009లో తెచ్చి వదిలారు వాటిని. మన బర్రెల్లాగే ఉన్నాయిలే అని దగ్గరికి పోకు, 100 గజాల దూరం ఉండాలి. తోక లేపిందంటే చిరాకులో ఉన్నట్టే. మంద బాట మీదే ఉంటే ఆ రోజుకి వెనక్కి తిరగడమే.

వెళ్తే సెప్టెంబర్ చివర్లో వెళ్లు. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి మనిషెత్తు పెరిగి రాగి రంగుకి తిరిగుంటుంది, వెన్ను చివర మూడు పాయలుగా చీలి అచ్చం కోడికాలే. ఏప్రిల్‌లో అయితే పొగ, చెట్లూ పొదలూ లేవకుండా, కొత్త గడ్డి రావాలని కావాలనే తగలబెడతారు. ఎండాకాలం షార్ట్స్ వద్దు, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకో, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక టిక్స్ (పిడుదులు) ఉన్నాయేమో చూసుకో.

కౌన్సిల్ గ్రోవ్‌లో కా మిషన్ తప్పకుండా చూడు, కా అనే ఆదివాసీ తెగ పిల్లల కోసం కట్టిన బడి, 1851 నాటిది. ఈ రాష్ట్రానికి పేరొచ్చిందే ఆ తెగ నుంచి, 1873లో వాళ్లనే ఇక్కణ్నుంచి వెళ్లగొట్టారు. వలసొచ్చి స్థిరపడ్డ పయనీర్ల మ్యూజియాలు ఎన్నైనా ఉంటాయిలే, ముందు ఇది.

పడమర వైపు వేరే ట్రిప్ వేసుకో, ఒక్కరోజులో అన్నీ చుట్టేద్దామంటే కుదరదు. దారిలో హేస్‌లో స్టెర్న్‌బర్గ్ మ్యూజియంలో 14 అడుగుల చేప శిలాజం ఉంది, దాని పొట్టలో ఇంకో చేప, ముల్లుతో సహా! ఒకప్పుడు ఇక్కడంతా సముద్రమే, దాని అడుగున పేరుకున్న సుద్దే ఇప్పుడు మాన్యుమెంట్ రాక్స్, లిటిల్ జెరూసలేం అనే రాతి గుట్టలు. రాత్రికి ఓక్లీలో ఆగి, పొద్దున్నే వెలుగు ఏటవాలుగా ఉన్నప్పుడు పో. మాన్యుమెంట్ రాక్స్ ఒకరి సొంత భూమిలో ఉంది, వాళ్ల మంచితనం కొద్దీ రానిస్తున్నారు. ఎక్కకు, పేర్లు చెక్కకు, గోటితో గీరితే రాలే రాయి అది. వాన పడిందంటే ఆ మట్టిరోడ్డు మీదకి కారు దింపకు. అక్కడ టాయిలెట్ ఉండదు, సిగ్నల్‌ని నమ్ముకోకు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ట్యాంకు సగానికి రాగానే నింపేసుకో.

ఆ ఊళ్లలో నీ శాకాహారానికి ఫ్రెంచ్ ఫ్రైసే గతి, పులిహోర కలుపుకుని పో. ఎదురొచ్చే పికప్ వాడు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తితే కంగారు పడకు, పలకరింపే అది, నువ్వూ ఎత్తు. చీకటి పడితే రోడ్డు మీదకి జింకలొస్తాయి, ఆలోపే రూముకి చేరుకో.

మీ మామయ్య