తేలికైన కొత్త బలవాహక కణాలు ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదు?

బలాన్ని మోసే అలాంటి కొత్త కణాలు నిజంగా ఉంటే, మామూలు పదార్థంతో వాటి చర్య మరీ బలహీనం కావడమే ఇన్నాళ్లూ దొరకకపోవడానికి కారణం.

సిద్ధాంతం చెప్పేది ఇది. మనకు తెలియని ఇంకో బలం, దాన్ని మోసే 'డార్క్ ఫోటాన్' ఉన్నాయనుకుందాం. మన విద్యుదావేశం, ఆ కొత్త ఆవేశం రెండూ ఉన్న భారీ కణాలు ఉంటే, వాటి క్వాంటం ప్రభావంతో డార్క్ ఫోటాన్‌కు విద్యుదయస్కాంత బలాన్ని మోసే మామూలు ఫోటాన్ (కాంతి కణం) లక్షణం కాస్త అంటుతుంది. ఆ అంటిన పాలు వెయ్యో వంతు అనుకుంటే, కణం పుట్టే అవకాశం దాని వర్గం, అంటే పది లక్షల్లో ఒక వంతు. అందుకే ఇక్కడ పెద్ద శక్తి కంటే లెక్కలేనన్ని ఢీకొట్టడాలు, నిశితమైన కొలతలే ముఖ్యం.

హంగరీలోని అటోంకి అణు పరిశోధన సంస్థ 2016లో ప్రకటించిన ఫలితమే చూడండి. ఉత్తేజిత బెరీలియం-8 కేంద్రకం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్-పాజిట్రాన్ (ఎలక్ట్రాన్ ప్రతికణం) జంటలు సుమారు 140 డిగ్రీల కోణం దగ్గర అనుకున్నదానికంటే ఎక్కువ కనిపించాయి. దాదాపు 17 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) ద్రవ్యరాశి గల కణం ఉంటే లెక్క సరిపోతుంది. కానీ పయాన్ అనే అల్పాయుష్షు కణం క్షయాన్ని కొలిచిన ప్రయోగాలు మామూలు డార్క్ ఫోటాన్‌కు అక్కడ చోటివ్వలేదు. దాంతో భౌతిక శాస్త్రవేత్త జొనాథన్ ఫెంగ్ బృందం, ప్రోటాన్‌ను దాదాపు పట్టించుకోకుండా న్యూట్రాన్‌తో చర్య జరిపే కణాన్ని ప్రతిపాదించింది. తెలివైన ప్రతిపాదనే, కానీ కణం ఉనికి ఇంకా నిర్ధారణ కాలేదు.

తెలిసిన నాలుగు ప్రాథమిక బలాలకు తోడుగా ఇలాంటి 'ఐదో బలం' అనగానే అది గ్రహాల కదలికలను మార్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వాహక కణానికి ద్రవ్యరాశి ఉంటే బలం పరిధి కుదించుకుపోతుంది. 17 ఎంఈవీ కణానికి అది సుమారు 12 ఫెమ్టోమీటర్లే, అంటే పరమాణు కేంద్రకం పరిమాణం స్థాయి.