మాంటూ పాజిటివ్ అంటే టీబీ ఉన్నట్టేనా?

నాన్నగారికి ఊపిరితిత్తుల టీబీ, మీకు మాంటూ (చర్మం మీద చేసే టీబీ పరీక్ష) పాజిటివ్, దగ్గూ జ్వరమూ లేవు. క్రిమి కణాల లోపల దాక్కుంటే శరీరం దాన్నేమీ చేయలేదా అని అడిగారు.

మా అమ్మకు టీబీ వచ్చినప్పుడు నాదీ ఇదే టెన్షన్. ముంజేతి చర్మంలోకి సన్న సూదితో మందు ఎక్కించి, చుట్టూ పెన్నుతో గీశారు. మూడో రోజు వెళ్తే నర్సమ్మ ఎరుపును అసలు పట్టించుకోలేదు. వేలితో తడిమి, గట్టిపడిన మేరకే స్కేలు పెట్టింది. మన దగ్గర మామూలుగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్.

మీ ప్రశ్నకు సగం జవాబు ఆ గట్టిదనంలోనే ఉంది. సూదిలో ఉండేది బతికున్న క్రిమి కాదు, దాని ప్రొటీన్లు. వాటిని ఇదివరకే ఎరిగిన టీ కణాలు (రోగనిరోధక తెల్లకణాలు) అక్కడికి చేరి, క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ కణాలనూ రప్పిస్తాయి. అందుకే 48 నుంచి 72 గంటలు ఆగి చూస్తారు.

ఊపిరితిత్తుల్లోనూ పని చేసేది ఈ జట్టే. టీబీ క్రిమిని మాక్రోఫేజ్ మింగుతుంది. మింగిన సంచి లైసోజోమ్‌తో (కణంలోని జీర్ణ సంచితో) కలిస్తే అందులోని ఎంజైములు క్రిమిని అరగదీస్తాయి. ఈ క్రిమి ఆ కలయికనే అడ్డుకుని లోపలే కాపురం పెడుతుంది. యాంటీబాడీలు తిరిగేది కణం బయట, లోపలి క్రిమిని అవి అందుకోలేవు. కానీ మాక్రోఫేజ్ క్రిమి ముక్కల్ని తన పైపొర మీద పెట్టి చూపిస్తుంది. సీడీ4 టీ కణం వాటిని గుర్తుపట్టి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ వదిలితే, మాక్రోఫేజ్‌కు లోపలి క్రిమిని చంపే సత్తువ వస్తుంది. సీడీ8 టీ కణాలది మొరటు పద్ధతి, సోకిన కణాన్నే చంపేస్తాయి. (వైరస్‌ల మీద వీటిదే పెద్ద చెయ్యి.) అప్పటికీ చావని క్రిముల చుట్టూ కణాలన్నీ గడ్డకట్టినట్టు చేరి కదలనివ్వవు, అదే గ్రాన్యులోమా.

కాబట్టి పాజిటివ్ అంటే మీ టీ కణాలకు ఆ క్రిమి తెలుసని మాత్రమే. బీసీజీ టీకా వల్ల కూడా అలా రావచ్చు. నిజంగా సోకినవాళ్లలోనూ జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతం మందే. హెచ్‌ఐవీతో సీడీ4 కణాలు పడిపోతే ఆ ముప్పు బాగా పెరిగిపోతుంది. కీళ్లవాతానికి టీఎన్‌ఎఫ్‌ను (వాపు పుట్టించే సంకేత ప్రొటీన్‌ను) అడ్డుకునే ఇంజెక్షన్లు వాడితే గ్రాన్యులోమా సడలుతుంది. వాటికి ముందు టీబీ పరీక్ష అడిగేది అందుకే.

ముందు ఎక్స్‌రే తీయించండి. జబ్బు లేదని తేలితే నివారణ మందు గురించి డాక్టరును అడగండి. నాకు 6 నెలలు రోజూ ఐసోనియాజిడ్ అనే టీబీ మాత్ర, తోడుగా బీ6 విటమిన్ ఇచ్చారు. అది వాడేటప్పుడు కళ్లు పచ్చబడినా, వాంతులు పట్టుకున్నా మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి.