శిక్ష పడిన తరువాత దారి ఉందా?

ప్రశ్న: హత్య కేసులో సెషన్స్ కోర్టు శిక్ష వేశాక, నేరం చేయని మనిషికి బయటపడే దారి ఉంటుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉంటుందమ్మా. హైకోర్టుకు అప్పీలు చేసుకోవడం అతని హక్కు; అక్కడ సాక్ష్యాలన్నింటినీ మళ్లీ పరిశీలిస్తారు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైన కేసులో 2010లో శిక్ష పడిన సత్యంబాబును, నరాల జబ్బుతో బాధపడుతూ 8 ఏళ్లకు పైగా జైల్లో మగ్గిన తరువాత, 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు నిర్దోషిగా ప్రకటించింది. కూతురిని పోగొట్టుకున్న తల్లిదండ్రులే అతడు హంతకుడు కాదని చెబుతూ వచ్చారు. ఆ మాట తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. అతనికి లక్ష రూపాయలు చెల్లించమని కోర్టు ఆదేశించినా, పోయిన యౌవనానికి అది ఏ మూలకు సరిపోతుంది? అప్పీలుకు డబ్బు లేని ఖైదీ, జైలు నుంచే న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పంపి ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు.