పాటకు, రికార్డింగుకు ఏ పుస్తకాలు చదవాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా మేడ మీది గదిలో భక్తి పాటలు పాడి రికార్డు చేసుకుంటున్నాను. గది పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. పైన స్లాబు, కింద షాబాదు బండలు. కండెన్సర్ (సన్నని ధ్వనినీ పట్టే) మైకు కొన్నాను కానీ గొంతు గుమ్మన్నట్టుగా, కుండలో నుంచి పాడినట్టుగా వస్తోంది. గోడలకు బొంతలు కట్టినా ఆ గుమ్ము పోలేదు. మైకు మార్చాలా? దీన్ని అర్థం చేసుకోవడానికి ఏ పుస్తకం చదవాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మైకు మార్చకండి, ఎంత ఖరీదైన మైకు తెచ్చినా అది ఆ గదినే మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మీ గది పది అడుగులు, అంటే 3.05 మీటర్లు. అంత దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకుంటున్నప్పుడు 56 హెర్ట్జ్ (అంటే సెకనుకు 56 కంపనాలు) దగ్గర, దానికి రెట్టింపు 112 దగ్గర, ఆపైన 168 దగ్గర ప్రత్యేకంగా బలపడుతుంది. వీటిలో 112 సరిగ్గా మగ గొంతు మంద్రంలో పలికే చోట పడుతుంది. మీ గదికి పొడవూ వెడల్పూ ఒకటే కనుక రెండు జతల గోడలూ అవే స్థాయిలను పెంచుతాయి. స్లాబు ఎత్తు కూడా పది అడుగులే అయితే నేలా కప్పూ కూడా ఆ పనే చేస్తాయి. మన వైపు ఇళ్లలో ‘పది బై పది’ గదులే ఎక్కువ కాబట్టి ఈ ఫిర్యాదుతో మాకు వచ్చే ఉత్తరాలూ ఎక్కువే.

బొంతలు ఎందుకు పనిచేయలేదన్నది కూడా ఇందులోనే ఉంది. 112 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు మూడు మీటర్ల పైమాటే. అంగుళం మందం బొంత అంత పొడవైన తరంగాన్ని ఆపలేదు. ‘స’, ‘ష’ వంటి అక్షరాల్లోని పదునును మాత్రం మింగేస్తుంది. పై ధ్వని తగ్గి కింది ధ్వని అలాగే ఉండిపోవడంతో గుమ్ము మునుపటికన్నా పెరిగినట్టే వినిపిస్తుంది. కాబట్టి బొంతలన్నీ గోడలకు పరచకుండా రెంటిని మీ వెనక మాత్రం వేలాడదీయండి, ఎందుకంటే మైకు ముఖం చూసేది మిమ్మల్నీ, మీ వెనకనున్న గోడనూ. పాత దూది పరుపులుంటే గట్టిగా చుట్టి మూలల్లో నిలువుగా నిలబెట్టండి. కింది ధ్వని మూలల్లోనే ఎక్కువగా పోగవుతుంది. గది నట్టనడుమ నిలబడి పాడవద్దు, 112 హెర్ట్జ్ గోడల దగ్గర ఎంత బలంగా ఉంటుందో నడిమధ్యన కూడా అంతే బలంగా ఉంటుంది. మీ వెనక గోడకూ, ఒక పక్క గోడకూ మైకు సుమారు రెండున్నర అడుగుల దూరంలో ఉండేలా స్టాండు జరపండి. పది అడుగుల్లో పావు వంతు దగ్గర ఆ 112 హెర్ట్జ్ బలం బాగా తగ్గిపోతుంది. మైకుకు నోరు ఆనించి పాడే అలవాటుంటే దాన్నీ మానుకోవాలి. ఒక వైపు నుంచే ఎక్కువగా వినే మైకులన్నీ దగ్గరకు పోయినకొద్దీ మంద్రాన్ని పెంచుతాయి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరం చాలు.

పుస్తకం విషయానికి వస్తే, ఎఫ్. ఆల్టన్ ఎవరెస్ట్ రాసిన ‘మాస్టర్ హ్యాండ్‌బుక్ ఆఫ్ అకౌస్టిక్స్’ మీకు తగినది. 1981లో మొదటిసారి వచ్చిన ఈ పుస్తకం లావు చూసి భయపడనవసరం లేదు. చిన్న గదుల్లో ధ్వని ఎలా నిలుస్తుంది, ఏ వస్తువు ఎంత పీల్చుకుంటుంది అన్న అధ్యాయాలు చదివితే ప్రస్తుతానికి సరిపోతుంది. రికార్డు చేసినదాన్ని మిక్స్ చేసే (గొంతును, వాయిద్యాలను సమంగా కలిపే) దశకు వచ్చాక మైక్ సీనియర్ 2011లో రాసిన ‘మిక్సింగ్ సీక్రెట్స్ ఫర్ ద స్మాల్ స్టూడియో’ చదవండి. అది మీలాగా ఇంటి గదిలో, తక్కువ ఖర్చుతో పనిచేసేవారిని ఉద్దేశించి రాసిన పుస్తకం. రెండూ ఇంగ్లిషులోనే ఉన్నాయి. కానీ సాంకేతిక పదాలు మన స్టూడియోల్లో రోజూ వాడేవే కనుక డిగ్రీ చదివినవారికి కష్టం కాదు.

ప్రశ్న: హైదరాబాదు పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద రికార్డింగు గురించిన పాత పుస్తకం ఒకటి కొన్నాను. లెవెల్ (రికార్డయ్యే ధ్వని బలం) ఎంత ఎక్కువగా పెట్టగలిగితే అంత మంచిదని అందులో ఉంది. స్టూడియోలో పనిచేసే మా బావ అలా చేస్తే పాట పాడైపోతుందంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీ బావగారి మాటే నమ్మండి, పుస్తకం తప్పని మాత్రం అనకండి. అది టేపు కాలపు సలహా. టేపుకు తనదైన ‘స్‌స్’ శబ్దం ఉండేది. పాట దానికన్నా చాలా పైన ఉండాలంటే లెవెల్ పెంచక తప్పేది కాదు, కొంచెం హద్దు దాటినా టేపు దాన్ని మెత్తగానే సర్దుకునేది. డిజిటల్‌లో సున్నా అన్న గీత దాటితే సర్దుబాటు లేదు, ధ్వని నరికినట్టు తెగుతుంది. పైగా ధ్వనిని 16 బిట్ల అంకెలుగా రాసినప్పుడు అతి చిన్న, అతి పెద్ద ధ్వనుల మధ్య సిద్ధాంతరీత్యా 96 డెసిబెల్స్ (ధ్వని బలం కొలమానం) వ్యాప్తి ఉంటే 24 బిట్లలో 144 ఉంటుంది. కనుక 24 బిట్లు పెట్టుకుని, మీరు గట్టిగా ఎత్తుకునే చోటు కూడా మైనస్ 12 డెసిబెల్స్ చుట్టుపక్కల ఆగేలా చూసుకుంటే నష్టమేమీ లేదు. పాత పుస్తకం కొనేముందు అట్ట కన్నా ముందు ముద్రణ సంవత్సరం చూడండి. మైకుల గురించి, గదుల గురించి నలభై ఏళ్ల కింద రాసినది ఇప్పటికీ పనికొస్తుంది. లెవెళ్ల గురించి, కంప్యూటర్ల గురించి రాసినది పనికిరాదు.

ప్రశ్న: రికార్డింగుకు శాంపిల్ రేటు (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి నమోదు చేయాలన్నది) 44.1 కిలోహెర్ట్జ్ చాలా, 96 కావాలా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినలేదు, వినిపించే ధ్వనికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే సరిపోతుంది, 44.1 ఆ రెట్టింపు కన్నా ఎక్కువే కనుక పాటకు చాలు. వీడియోకు జత చేసేదైతే 48 పెట్టండి.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఊళ్లో సంగీతం చెప్పేవారు లేరు. పుస్తకాలు చూసి పాట నేర్చుకోవచ్చునా? కరోకే ట్రాకుల (గాయకుల గొంతు లేని సంగీతం) మీద పాడితే గొంతు పట్టేస్తోంది.
– ఒక పాఠకురాలు, వనపర్తి జిల్లా

జవాబు: పుస్తకం మీ పాట వినలేదమ్మా, చిక్కంతా అక్కడే ఉంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాల వరుస ఏ ప్రాథమిక సంగీత పుస్తకంలోనైనా దొరుకుతుంది, తాళం వేయడం కూడా చూసి నేర్చుకోవచ్చు. గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరు) దగ్గరికి వచ్చేసరికి అచ్చు చేతులెత్తేస్తుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు విడివిడిగా గుర్తులు వేసి మరీ స్వరపరిచారు, అంత శ్రద్ధగా వేసిన గుర్తులను కూడా ఆ రాగాన్ని ఒకరి నోట విననివారు పాడలేరు. అందుచేత నెలకు రెండుసార్లైనా మహబూబ్‌నగర్‌లో ఎవరైనా గురువు దగ్గర కూర్చునే వీలు చూసుకోండి. మిగతా రోజుల్లో ఫోనులో తంబురా యాప్ పెట్టుకుని పాడుతూ, రెండో ఫోనులో రికార్డు చేసుకుని, షడ్జం (‘స’ స్వరం) శృతిలో కలిసిందో లేదో వెంటనే వినండి.

గొంతు పట్టేయడానికి కారణం చాలావరకు శృతే అయి ఉంటుంది. ట్రాకులు అసలు గాయకుల శృతిలో ఉంటాయి. ఆడపిల్లలకు సాధారణంగా ఐదు, ఐదున్నర శృతి (హార్మోనియం మీద G, G#) సుఖంగా ఉంటుంది. ఐదో శృతిలో మీ షడ్జం దగ్గర స్వరతంతువులు సెకనుకు సుమారు 196 సార్లు కొట్టుకుంటాయి, తారషడ్జానికి (పై ‘స’కు) 392 సార్లు. ఆ పైకి రోజూ బలవంతంగా లాగితే అలసట తప్పదు కనుక ట్రాకు శృతిని మీకు తగినట్టు దించుకోండి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

గొంతు పనిచేసే తీరు తెలుసుకోవాలనుంటే యోహాన్ సుండ్‌బెర్గ్ రాసిన ‘ద సైన్స్ ఆఫ్ ద సింగింగ్ వాయిస్’ ఉంది, 1987 నాటిది. మైకు లేకుండా వాద్యబృందాన్ని దాటి వినిపించే ఒపెరా గాయకుల గొంతులో 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక బలం కూడుతుందని అందులో వివరంగా ఉంటుంది. చదవడానికి ఎంతో బాగుంటుంది కానీ, మైకు ముందు పాడే మీరు ఆ బలం కోసం కసరత్తు చేయనవసరం లేదు.

ప్రశ్న: మేము డప్పు, కిన్నెరతో పాటలు పాడే బృందం. గిటారు, డ్రమ్ముల గురించే తప్ప మా వాయిద్యాల గురించి ఏ రికార్డింగు పుస్తకంలోనూ లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీ ఫిర్యాదు న్యాయమైనది. మీ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు దేశమంతా తెలిసింది, కానీ దానికి మైకు ఎక్కడ పెట్టాలో చెప్పే పుస్తకం మా కంటపడలేదు. ఒకరు వాయిస్తుండగా మరొకరు ఒక చెవి మూసుకుని వాయిద్యం చుట్టూ తిరగండి. ఎక్కడ తీగ నాదమూ, సొరకాయ బుర్రల గుండ్రదనమూ సమంగా వినిపిస్తాయో అక్కడ మైకు పెట్టండి. కిన్నెర ధ్వని చిన్నది కాబట్టి దానికి కండెన్సర్ మైకు, డప్పుకు డైనమిక్ (గట్టి దెబ్బలను తట్టుకునే) మైకు వాడండి. డప్పు మైకు మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంటే చిర్ర (లావు కర్ర) దెబ్బ, చిటికెన పుల్ల (సన్న పుల్ల) దరువు రెండూ విడివిడిగా పడతాయి. రెండు మైకులు తెరిచినప్పుడు, గాయకుడికి తన మైకు ఎంత దూరంలో ఉందో, రెండో మైకు మొదటిదానికి కనీసం దానికి మూడు రెట్లు ఎడంగా ఉండాలని పుస్తకాలు చెప్పే సూత్రం మీకూ వర్తిస్తుంది. డప్పును మాత్రం ప్రతి టేకుకు ముందు మంట మీద కాచి, మొదటి టేకు నాదంతో పోల్చి చూసుకోండి. చల్లబడిన డప్పుతో తీసిన చరణం, కాచిన డప్పుతో తీసిన పల్లవి పక్కన అతకదు.