డబ్బానా, ఆపరేషనా అని అడిగావు కదా

చిరంజీవి చిన్నోడికి,
తెనాలి నుంచి మీ అత్తయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఆఫీసు మెట్లెక్కుతూ మాట్లాడినట్టున్నావు, మాటకీ మాటకీ మధ్య ఆయాసం వినిపించింది. ముప్పై నాలుగేళ్లకే ఈ ఆయాసమేమిట్రా అని ఆ రాత్రంతా మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెబితే నీ మీటింగుల మధ్య సగం చెవికెక్కదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే చదువు.

"అత్తా, ప్రొటీన్ పౌడర్ డబ్బా తెచ్చుకుని తాగి బరువు తగ్గమంటావా, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకోమంటావా?" అన్నావు. రెండూ నేను పడ్డవే కాబట్టి నన్ను అడిగావు, మంచి పని చేశావు. కానీ ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేసి తూచకు. పౌడరు తిండి. ఆపరేషన్ వైద్యం. ఆపరేషన్ అయినవాళ్లకూ ఆ పౌడరు కావాల్సి వస్తుంది. జ్వరం వచ్చి తిండి సహించని రోజుల్లో నేను ఇప్పటికీ ఒక స్కూపు కలుపుకుంటాను. అలాగే ఎన్ని డబ్బాలు తాగినా కొందరికి ఆపరేషన్ అవసరం పోదు. నీకు ఏది కావాలో తేలాలంటే ముందు నీ ఒంట్లో ఏం జరుగుతోందో తేలాలి.

నా సంగతి చెబుతాను. 2011లో నేను 98 కిలోలు. బడిలో బోర్డు దగ్గర పూర్తి పీరియడ్ నిలబడలేకపోయేదాన్ని. మా వీధి చివర ఒక డాబా మీద పొద్దున్నే షేకులు ఇచ్చే చోటు తెరిచారు. ఆరింటికి వెళ్తే ముందు బరువు చూసేవారు, తగ్గినవాళ్లకు అందరూ చప్పట్లు కొట్టేవారు. తర్వాత గ్లాసు నిండా చిక్కటి షేక్ ఇచ్చేవారు. రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. అదంతా పౌడరు మహిమ అనుకున్నాను. పొద్దున తినే నాలుగు ఇడ్లీలు, నెయ్యీ కారప్పొడీ, పదకొండింటి బిస్కెట్లు మానేశాను కాబట్టి తగ్గానని చాలా కాలానికి అర్థమైంది. నాలుగో నెల నుంచి ముల్లు కదల్లేదు. రాత్రి పదయ్యేసరికి ఆకలి తట్టుకోలేక లేచి ఆవకాయ కలుపుకుని అన్నం తినేదాన్ని. ఏడాది తిరిగేసరికి పోయిన ఏడు కిలోలూ వచ్చాయి, వాటి వెంట మరో నాలుగు వచ్చాయి.

బరువు పోతే పోయింది, నాకు ఇప్పటికీ కోపం వచ్చేది వేరే విషయానికి. అక్కడ షేకులు కలిపే ఆవిడ "ఇది తాగేవాళ్లకు బీపీ మాత్రలెందుకండీ" అంది. నేను నమ్మి మానేశాను. మూడు వారాలకు వంటింట్లో కళ్లు తిరిగి పడ్డాను, బీపీ చూస్తే పైది 190 ఉంది. నువ్వు ఏ పౌడరు తాగినా తాగకపోయినా, డాక్టరు రాసిన మాత్ర మాత్రం నువ్వుగా మానొద్దు. నీకు షుగరుంది కాబట్టి దీనికి ఇంకో వైపు కూడా ఉంది. తిండి బాగా తగ్గించేసి మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటే కొన్ని రకాల మందులకు షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. ఏ మార్పు చేసినా ముందు డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకో.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి. వే ప్రొటీన్ అంటే చీజ్ లాంటివి చేసేటప్పుడు పాలు విరిగాక మిగిలే తేట నుంచి తీసే పొడి. ఒక స్కూపులో, అంటే సుమారు 30 గ్రాముల పొడిలో, 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, దాదాపు 120 క్యాలరీలు ఉంటాయి. దానిలో కొవ్వును కరిగించే గుణమేదీ లేదు. ప్రొటీన్ కడుపు నిండినట్టు కాసేపు ఉంచుతుంది, తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోకుండా కాస్త కాపాడుతుంది. అంతవరకే. మామూలుగా తినేవన్నీ తింటూ పైన రెండు స్కూపులు పాలల్లో, అరటిపండు వేసి తాగితే బరువు పెరుగుతుంది. నువ్వు చెప్పిన మీ కొలీగ్ ఆరు నెలల్లో మూడు కిలోలు పెరగడం అందుకే అయ్యుంటుంది.

హైదరాబాద్‌లో తార్నాక వైపు వెళ్లినప్పుడు జాతీయ పోషకాహార సంస్థ చూసుంటావు. వాళ్లు ఐసీఎంఆర్‌తో, అంటే భారత వైద్య పరిశోధన మండలితో, కలిసి 2024లో ఇచ్చిన ఆహార నియమాల్లో కండ పెంచడానికి ఈ పౌడర్లు వాడొద్దనే చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని వాళ్ల లెక్క. బరువు తగ్గేటప్పుడు డైటీషియన్లు కాస్త పెంచుతారు, అది కూడా నీ ఇప్పటి 112 కిలోలకు కాదు, నువ్వు ఉండాల్సిన బరువుకు లెక్కేస్తారు. అయితే నీ విషయంలో ముందు కిడ్నీలు చూపించుకోవాలి. క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోకుండా డబ్బా మూత తియ్యకు. షుగరున్నవాళ్లకు కిడ్నీ దెబ్బతింటున్నా చాలా కాలం బయటికి తెలియదు. మీ నాన్నకు కాలి వేలు తీసేసిన రోజు ఆస్పత్రి వరండాలో నా పక్కన కూర్చున్నది నువ్వే కదా. అప్పుడు నీకు పదహారేళ్లు. అది మన ఇంట్లో ఉన్న జబ్బు నాన్నా.

మన కంచంలో ఉన్న చిక్కేమిటంటే అన్నం కుప్పగా ఉంటుంది, పప్పు పలచగా ఉంటుంది. దాన్ని తిరగేస్తే సగం పని డబ్బా లేకుండానే అవుతుంది. ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది. ఎండు మీల్ మేకర్ 50 గ్రాములు నానబెట్టి కూర చేస్తే పాతిక గ్రాముల దాకా వస్తుంది, ఒక స్కూపుతో సమానం. చికెనో చేపో వంద గ్రాములు తింటే 20 గ్రాములు. ఉల్లిపాయ, అల్లం వేసిన పెసరట్టు తిను, ఉప్మా మాత్రం మధ్యలో పెట్టకు. ఆఫీసులో పొద్దున ఏమీ తినలేని రోజున టిఫిన్‌కు బదులుగా ఒక స్కూపు నీళ్లలో కలిపి తాగావనుకో, తప్పు లేదు. బదులుగా తాగాలి, అదనంగా కాదు. కొనేటప్పుడు డబ్బా మీద ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉందో చూడు, చక్కెర ఎంతో చూడు. "నెలకు పది కిలోలు గ్యారంటీ" అని రాసినదాన్ని ముట్టుకోకు.

ఇక ఆపరేషన్. 2013లో, నా నలభై తొమ్మిదో ఏట చేయించుకున్నాను. అప్పటికి 102 కిలోలు, ఐదడుగుల ఒక అంగుళం మనిషిని, బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క, 42. నాకు చేసింది స్లీవ్. కడుపులో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేస్తారు, మిగిలింది అరటికాయంత గొట్టంలా ఉంటుంది. తీసేసిన భాగం మళ్లీ రాదు, ఇది బాగా గుర్తుపెట్టుకో. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా ఆ తీసేసిన భాగంలోనే తయారవుతుంది. అందుకే రాత్రి పదింటికి నన్ను లేపే ఆ ఆకలి, ఆపరేషన్ తర్వాత చాలా నెలలు రానే లేదు. అంతకుముందు అందరూ "నోరు కట్టుకోలేవా" అనేవాళ్లు. నేనూ నన్ను అలాగే తిట్టుకునేదాన్ని. ఆ ఆకలి ఆగిపోయాక గానీ తెలియలేదు, నేను ఇన్నేళ్లూ ఎంత బలమైనదానితో పోట్లాడానో. నిన్ను ఎవరైనా ఆ మాట అంటే మనసులో పెట్టుకోకు.

రెండోది బైపాస్. చిన్న గుడ్డంత సంచి మాత్రం ఉంచి, దానికి చిన్నపేగును తెచ్చి కలుపుతారు. షుగరుకు ఇది బాగా పనిచేస్తుంది. కడుపులో మంట, పులితేన్పులు ముందే ఉన్నవాళ్లకు స్లీవ్ కన్నా ఇదే నయమంటారు. నాకు మంట ఉందని ఆ రోజుల్లో చెప్పలేదు, వాళ్లూ గుచ్చి అడగలేదు. దాని ఫలితం, పన్నెండేళ్లుగా తల వైపు ఎత్తుగా పెట్టుకునే పడుకుంటున్నాను. నువ్వు సర్జన్ దగ్గర ఏదీ దాచకు, ఎండోస్కోపీ చేయించకుండా ఏ ఆపరేషన్ అనేది నిర్ణయించనివ్వకు.

ఆపరేషన్ అయిన మర్నాడు నర్సమ్మ నా చేతిలో మందు పోసుకునే చిన్న ప్లాస్టిక్ కప్పు పెట్టింది. 30 మిల్లీలీటర్ల నీళ్లు. "పావుగంట తాగండి" అంది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతోంది, అయినా చప్పరిస్తూ తాగాలి. ఒక్క గుక్క ఎక్కువైతే రొమ్ము మధ్యలో రాయి పడ్డట్టు నొప్పి. రెండు వారాలు పలచటి ద్రవాలే, తర్వాత మెత్తటివి. మొదటి ఇడ్లీ నెల దాటాక తిన్నాను, సగం తినడానికి అరగంట పట్టింది. అప్పుడు రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ ఆ చిన్న గొట్టంలోకి ఎలా పంపాలి? అక్కడే ఆ పౌడరు నిజంగా ఉపయోగపడింది. మూడో నెలలో జుట్టు దువ్వెనకు పిడికిళ్లుగా వచ్చింది, ఏడాదికి మళ్లీ మొలిచింది. విటమిన్లు, ఐరన్, కాల్షియం, బి12 జీవితాంతం తీసుకోవాలి, ఏడాదికోసారి రక్తపరీక్షలు చేయించాలి. ఒక ఏడు నేను బద్ధకించాను, అరికాళ్లు తిమ్మిర్లెక్కి నడవలేకపోయాను. బి12 అడుగంటిందన్నారు.

ఏడాదిన్నరకు 70 కిలోలకు వచ్చాను. షుగరు మాత్రలు పోయాయి, బీపీ మాత్ర ఒకటి మిగిలింది. తిరుమల నడకదారిన కొండెక్కాను. ఐదో ఏటికి ఆరు కిలోలు పెరిగాను. అన్నం ఎక్కువ తినలేనుగానీ టీలో బిస్కెట్లు, జంతికలు కరకరా నమిలితే ఆ గొట్టం అడ్డు చెప్పదు, సులువుగా జారిపోతాయి. ఇప్పటికీ 76 దగ్గరే ఉన్నాను. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి దాదాపు నాలుగు వేల మందిని ఏళ్ల తరబడి గమనించారట, మా డాక్టరుగారు చెప్పారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ తర్వాత కొంత బరువు తిరిగొచ్చింది, అయినా మామూలు వైద్యంతో ఉన్నవాళ్లకన్నా వాళ్లలో చావులు తగ్గాయి. ఆపరేషన్ బల్ల మీద ప్రాణాపాయం చాలా తక్కువ, అసలు లేకపోలేదు. కుట్ల దగ్గర లీకేజీ, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, తర్వాత పిత్తాశయంలో రాళ్లు, ఇవన్నీ జరగగలవు. అందుకే నెలకెన్ని చేస్తారు, తర్వాత డైటీషియన్ ఎన్నేళ్లు చూస్తారు అని నిలదీసి అడుగు. ఆఫర్ ధర, ఈ వారమే చేరాలి అని తొందరపెట్టేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేసెయ్.

వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, బరువు తగ్గడానికని 2025 నుంచి మన దేశంలోనూ అమ్ముతున్నారు. ఆపేస్తే బరువు మళ్లీ వచ్చేది ఎక్కువ. వాటి గురించి మీ షుగరు డాక్టరునే అడుగు, నేను వాడలేదు.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. 112 కిలోలు, ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, అంటే బీఎంఐ 37 దాటింది. మనవాళ్లకు 25 దాటితేనే స్థూలకాయం. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1. పైగా నువ్వు నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నావని మీ ఆవిడ ఏడుస్తూ చెప్పింది. మన దేశంలో సర్జన్లు 35 దాటితే, షుగరు లాంటివి ఉంటే 30 దాటినా, ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. కాబట్టి నీది అందం కోసం అడిగే ఆపరేషన్ కాదు, మీ అమ్మ భయపడుతున్నట్టు తొందరపాటూ కాదు. ఐదు కిలోలు తగ్గాలనుకునేవాడివైతే నీకు డబ్బా కూడా వద్దు, నడక చాలు అనేదాన్ని. నీ విషయంలో అలా అనలేను.

ఈ వారం స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష, రాయించుకో, మిగతావన్నీ ఆగినా ఇది ఆగకూడదు. కిడ్నీ, లివర్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకో. తర్వాత మూడు నెలలు డైటీషియన్ దగ్గర నమ్మకంగా చెయ్యి, కావాలంటే ఆ ఒక్క స్కూపుతో సహా. బరువు, తిన్నది రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టు. ఆ రాత వృథా పోదు. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం ఇన్సూరెన్స్ రావాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులో లేని షుగరో నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన స్లీప్ ఆప్నియానో ఉండాలి, ముందు చిన్న పద్ధతులతో తగ్గలేదని కూడా చూపాలి. నీ పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఎంతో హెచ్‌ఆర్‌ని అడుగు. మూడు నెలల్లో షుగరు దిగి, ఏడెనిమిది కిలోలు తగ్గితే అలాగే కొనసాగించు. కదలకపోతే ఆపరేషన్‌కు వెళ్లు, సిగ్గుపడకు. సిగరెట్ మాత్రం ఈరోజే మానాలి, మానకపోతే నేనే వద్దంటాను. సిగరెట్ తాగితే ఆపరేషన్ తర్వాత కడుపులో పుండ్లు పడొచ్చు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. "కోయించుకోవడానికి పంపిస్తావా వదినా" అని నా మీద అలిగింది, ఆవిడ భయం నాకు తెలుసు. సంక్రాంతికి మీరంతా ఎలాగూ వస్తారు, అప్పుడు నోట్‌బుక్, రిపోర్టులు ఫైలు చేసి తీసుకురా. మా డాక్టరుగారికి ఒకసారి చూపిస్తాను. అరిసెలు నీకు రెండే పెడతాను, ముందే చెబుతున్నా. స్లీప్ స్టడీకి ఏ రోజు ఇచ్చారో ఆదివారంలోపు ఫోన్ చేసి చెప్పు.

ఉంటాను,
మీ అత్తయ్య