వ్యర్థజలంతో కరెంటు: ఈ రంగంలో మా అమ్మాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది పెద్దాపురం. సగ్గుబియ్యం ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేస్తున్నాను. మా అమ్మాయి బీటెక్ బయోటెక్నాలజీ మూడో సంవత్సరం. మా ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయే నీళ్లు పట్టుకెళ్లి, కాలేజీలో మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్ (బ్యాక్టీరియాతో కరెంటు తీసే పరికరం) చేసి ఎల్‌ఈడీ బల్బు వెలిగించింది. ఇక ఇందులోనే పీహెచ్‌డీ చేస్తానంటోంది. బంధువులేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటున్నారు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అమ్మాయి ఆసక్తిని ఆపకండి. కాకపోతే ఈ ఒక్క పరికరాన్నే నమ్ముకుని జీవితం కట్టుకోవడం ఇప్పటికి కష్టం. పారిశ్రామిక వ్యర్థజలాల శుద్ధి అన్న పెద్ద రంగంలో ముందు గట్టిగా నిలబడి, ఈ సెల్‌ని తన ప్రత్యేకతగా పెట్టుకుంటే మంచి దారి ఉంది. ఎందుకంటున్నానో లెక్కలతోనే చెబుతాను, ఇవి అమ్మాయికి కూడా చూపించండి.

ఆ సెల్‌లో గాలి తగలని గదిలో ఉన్న బ్యాక్టీరియా నీటిలోని పిండిపదార్థాన్ని తిని, ఎలక్ట్రాన్లను ఎలక్ట్రోడ్‌కి అందిస్తాయి. ఆ ఎలక్ట్రాన్లు తీగ గుండా రెండో ఎలక్ట్రోడ్‌కి, అంటే కాథోడ్‌కి చేరి, అక్కడ ఆక్సిజన్‌తో, హైడ్రోజన్ అయాన్లతో కలిస్తే నీరు తయారవుతుంది. సూక్ష్మజీవుల నుంచి కరెంటు వస్తుందని ఇంగ్లండ్‌లో పాటర్ అనే వృక్షశాస్త్రవేత్త 1911లోనే చూపించాడు. నూరేళ్లు దాటినా ఇది ఫ్యాక్టరీల్లో మామూలు యంత్రం కాలేకపోయింది.

కారణం కరెంటు తక్కువ కావడమే. వ్యర్థజలంలో బ్యాక్టీరియాకు తిండి అయ్యే సరుకు ఎంతుందో సీఓడీతో (ఆ కాలుష్యాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్‌తో) కొలుస్తారు. ఒక కిలో సీఓడీలోని ఎలక్ట్రాన్లన్నీ తీగలోకి వచ్చాయనుకున్నా, సెల్ 0.4 వోల్టుల దగ్గర పనిచేస్తే వచ్చేది సుమారు 1.3 యూనిట్లు. అన్నీ రావు. మూడో వంతు వస్తే అర యూనిట్ కూడా ఉండదు. అదే కిలో సీఓడీ నుంచి బయోగ్యాస్ ప్లాంటులో గరిష్ఠంగా 0.35 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది. దాన్ని జనరేటర్‌లో మండిస్తే ఒక యూనిట్ పైనే. తమిళనాడులో సేలం వైపు సగ్గుబియ్యం ఫ్యాక్టరీలు బయోగ్యాస్‌ను ఎంచుకున్నాయంటే అందుకే.

పెద్దగా కడితే ఇబ్బందులు ఇంకా పెరుగుతాయి. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ దగ్గర యాతలలోని ఫోస్టర్స్ బీరు ఫ్యాక్టరీలో 2007లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లు సుమారు వెయ్యి లీటర్ల సెల్ పెట్టారు. నీటికి కరెంటును మోసే గుణం (వాహకత) చాలక, కాథోడ్ మీద జీవపదార్థం పేరుకుపోయి, అనుకున్నంత కరెంటు రాలేదు. సెల్‌లను వరుసగా కలిపితే బలహీనమైన ఒక్క సెల్ ధ్రువాలు తిరగబడి మొత్తాన్ని దెబ్బతీస్తుంది.

మరి దీని విలువెక్కడ? శుద్ధిలో. మామూలు ఈటీపీలో (ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటులో) గాలి కొట్టే బ్లోయర్లకే తరచూ సగం కరెంటు పోతుంది. ఈ సెల్‌కి ఆ ఖర్చు లేదు, అడుగున మిగిలే బురద (స్లడ్జ్) కూడా తక్కువ. నీటిలో కాలుష్యాన్ని అక్కడికక్కడే చెప్పే సెన్సర్‌గానూ పనికొస్తుంది. సగ్గుబియ్యం, పాలు, బీరు నీళ్లు దీనికి అనువైనవి. పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీల నీళ్లలో సాల్వెంట్లు, యాంటీబయాటిక్‌లు ఉంటాయి కాబట్టి బ్యాక్టీరియా తట్టుకోవడం కష్టం. నాకైతే అసలు పరిశోధన అవసరం అక్కడే ఉందనిపిస్తుంది.

చదువు సంగతి. బీటెక్ కాగానే పీహెచ్‌డీ వద్దు. ముందు ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేయించండి. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో 2021 నుంచి ఈఎస్ (ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్) పేపరు ఉంది, ఏ బ్రాంచి వాళ్లైనా రాయొచ్చు. సీటుకు బయోటెక్ డిగ్రీ చెల్లుతుందో లేదో మాత్రం ఒక్కో ఐఐటీ బ్రోచర్‌లో విడిగా చూడాలి. గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు పోస్టులకు ఎక్కువగా సివిల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ డిగ్రీలు అడుగుతారు, కాబట్టి బయోటెక్ ఒక్కటే ఉంటే ఆ తలుపు మూసుకుపోవచ్చు. వ్యర్థజలాల శుద్ధి పనులు చేసే థర్మాక్స్, వాబాగ్, ప్రాజ్ లాంటి కంపెనీల్లో రెండేళ్లు పని చేశాక కూడా పరిశోధనకు వెళ్లాలనిపిస్తే అప్పుడు వెళ్లనివ్వండి. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000. హైదరాబాద్ ఐఐసీటీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఈ విషయం మీద పనిచేసిన వెంకట మోహన్ గారికి 2014లో శాస్త్రవేత్తలకిచ్చే భట్నాగర్ పురస్కారం వచ్చింది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లోనూ ఈ పని జరిగింది.

సాఫ్ట్‌వేర్ కోర్సుకు డబ్బు కట్టకండి. కొలతలు నమోదు చేసి గ్రాఫులు గీయడానికి కావలసిన పైథాన్ తనే నేర్చుకోగలదు. దానికంటే ఎలక్ట్రోకెమిస్ట్రీ మీద పట్టు ముఖ్యం, బయోటెక్ పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే.

ఇక మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. యజమానిని అడిగి, ఈ వేసవిలో అమ్మాయిని మీ ఫ్యాక్టరీ ఈటీపీలో నెలరోజులు కూర్చోనివ్వండి. రోజూ పీహెచ్, సీఓడీ తనే తీయాలి. తన సెల్‌లోకి వెళ్లే నీటి సీఓడీ ఎంత, బయటికి వచ్చేదెంత, అందులో ఎన్ని ఎలక్ట్రాన్లు తీగలోకి వచ్చాయి, ఏ రెసిస్టర్ పెడితే ఎక్కువ పవర్ వచ్చింది, ఈ నాలుగూ రాసి పెట్టుకోమనండి. ఎంటెక్ ఇంటర్వ్యూలో బల్బు ఫొటో చూపిస్తే ఒక్క నిమిషం మాట్లాడతారు, ఈ లెక్కలు చూపిస్తే అరగంట అడుగుతారు.