కవలల గర్భం: 22 వారాలకు 4 కిలోలే పెరిగితే

కడుపులో కవలలు, 22వ వారం, గర్భానికి ముందు బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 21, ఇప్పటిదాకా పెరిగింది 4 కిలోలే, ఇంట్లో వాళ్లేమో "చివరి నెలల్లో అదే పెరుగుతుందిలే" అంటున్నారని, డాక్టర్లు "స్కాన్ బాగుంది" అన్నారని మీరు రాశారు. కంగారు పడకండి, కానీ ఆ మాట మాత్రం నమ్మకండి. నేను నమ్మాను.

నాకు 21 వారాలకు 3 కిలోలే పెరిగాయి. వాంతులు ఐదో నెల దాకా వదల్లేదు. తర్వాత తిని సరిచేసుకుందాం అనుకున్నాను. తీరా ఏడో నెల వచ్చేసరికి నాలుగు ముద్దలు తినగానే గొంతు దాకా వచ్చినట్టుండేది. ఇద్దరు బిడ్డలు పైకి నొక్కుతుంటే పొట్టలో అన్నానికి చోటేదీ? పైగా కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుట్టేస్తారు. మనం లెక్కేసుకునే ఆ "చివరి నెల" చాలామందికి రానే రాదు. తొలి సగంలో తల్లి సరిగ్గా బరువు పెరిగితే పిల్లలు పుట్టే బరువు మెరుగ్గా ఉంటుందని పరిశోధనల్లోనూ తేలింది.

2009లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన అంచనా ప్రకారం, మీలా మామూలు బీఎంఐ ఉన్నవాళ్లు కవలలతో మొత్తం సుమారు 17 నుంచి 24.5 కిలోలు పెరగాలి. బీఎంఐ 25 దాటితే 14 నుంచి 22.7, 30 దాటితే 11 నుంచి 19. ఇవి నెలలు నిండాక కన్నవాళ్ల లెక్కలు, కాబట్టి 35 వారాలకే కాన్పయితే తక్కువే ఉంటుంది.

నాకు పనికొచ్చింది మూడు పూటల భోజనం మానేసి రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినడం. రాత్రి మెలకువ వచ్చినప్పుడు తాగడానికి మంచం పక్కనే గ్లాసుడు పాలు పెట్టుకునేదాన్ని. ప్రతి సోమవారం పొద్దున్నే బరువు చూసి గోడ క్యాలెండర్ మీద రాసేదాన్ని. ఆ అంకెలే నన్ను కాపాడాయి. 33వ వారంలో ఒక్కసారిగా 2 కిలోలు పెరిగితే మా అత్తయ్య సంబరపడింది. నాకేమో చెప్పుల పట్టీ పట్టలేదు, తలనొప్పి. వెళ్లి చూపించుకుంటే బీపీ. అది ఒంట్లో నీరు, బిడ్డల బరువు కాదు. అలా ఉన్నట్టుండి పెరిగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.

35 వారాల 4 రోజులకు ఆపరేషన్ చేశారు. పాప 2.2 కిలోలు, బాబు 1.8. బాబు ఆరు రోజులు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్నాడు. నేను సరిగ్గా తినకపోవడం వల్లే అలా అయిందని ఎవరూ అనలేదు, కవలల్లో ఇది మామూలే అన్నారు. అయినా ఆ తొలి ఐదు నెలలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

"స్కాన్ బాగుంది" అన్నారు కదా, ఈసారి వెళ్లినప్పుడు ఇద్దరి బరువు అంచనా విడివిడిగా అడిగి రాసుకోండి. మాయ ఒకటా రెండా అన్నదీ అడగండి. ఒకటే అయితే రెండు వారాలకోసారి స్కాన్ చేయాలి. రక్తం కూడా పరీక్ష చేయించుకోండి, కవలల తల్లులకు రక్తహీనత త్వరగా వస్తుంది. ఏం తేలిందో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.